మొక్క పెంచడం చేతకాదు, పూలు చూడకుండా ఉండలేం: ఒడిశా సరిహద్దు జిల్లాల వాళ్ళ చర్చ

కుండీ_ఖాళీ (బరంపురం)
కుండీలు, ఎరువులు, చీడల మీద చర్చలు చాలానే ఉన్నాయి. ఇది వాటి కోసం కాదు. చేత్తో నాటింది బతకదని తేలిపోయినవాళ్ళు, అద్దె ఇంట్లో ఎండ పడే బాల్కనీ కూడా లేనివాళ్ళు పూల ఆనందాన్ని ఎలా దక్కించుకోవాలన్నదే ప్రశ్న. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఏ పువ్వు ఎప్పుడు, ఎక్కడ, ఎలా చూడాలో వివరంగా రాయండి. "ప్రకృతిని ప్రేమించండి" లాంటి సూక్తులు వద్దు, వాట్సాప్‌లో పొద్దున్నే వస్తూనే ఉన్నాయి.

పొగడచెట్టు (పర్లాకిమిడి)
ముందు గడియారం సంగతి చూడండి. చాలామంది సాయంత్రం ఐదింటికి నడకకి వెళ్ళి "పూలేం లేవు" అంటారు. ఆ వేళకి సగం పూల పని అయిపోయి ఉంటుంది, మిగతా సగానికి ఇంకా మొదలవలేదు.

పారిజాతం చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లవారేసరికి నేల రాలుతుంది. పొద్దెక్కాక వెళ్తే తొక్కేసిన పూలే కనిపిస్తాయి. ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా, వెలుగు రాకముందే చెట్టు కింద పాత పంచె పరిచి పది నిమిషాలు ఆగితే చాలు. రాలిన పువ్వు తీసి రేకులు లెక్కపెట్టండి. ఒకే చెట్టు పూలలో అయిదు రేకులవీ ఉంటాయి, ఆరువీ ఉంటాయి, ఏడెనిమిదివీ ఉంటాయి. నారింజ కాడ ముందు చేతి గోరుకి, తరవాత బట్టకి రంగు అంటిస్తుంది కాబట్టి తెల్ల చొక్కా జేబులో వేసుకోకండి.

పొగడ కూడా తెల్లవారుజామునే రాలుతుంది. రేకుల చక్రం మొత్తంగా ఊడి, మధ్యలో కన్నంతో పడుతుంది. అందుకే సూది లేకుండా ఈనెకి గుచ్చేయొచ్చు. ఎండినా వాసన పోదు. గుడ్డసంచిలో కట్టి బీరువాలో పెట్టుకోవచ్చు, కాకపోతే ముందు నీడలో పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే బూజు పట్టి చీర పాడవుతుంది.

సాయంత్రం నాలుగు దాటాక చంద్రకాంత మొదలవుతుంది. రాత్రి ఎనిమిది తరవాత, అక్టోబరు నెలలో, వీధి చివర ఎక్కడో ఏడాకులపాల ఉంటే చెట్టు కనపడకముందే వాసన వస్తుంది. కొందరికి ఆ వాసనకి తల పట్టేస్తుంది. వాళ్ళు దూరం నుంచే దణ్ణం పెట్టుకోవాలి.

కుండీ_ఖాళీ
బాగుందండీ. చెరువుల్లో పూలకి కూడా వేళలున్నాయా? ఎప్పుడు వెళ్ళినా కలువలు ముడుచుకునే ఉంటాయి.

గట్టుమీద (గుణుపురం)
మీరు చూసేవి రాత్రి కలువలై ఉంటాయి. మన చెరువుల్లో కలువలు ప్రధానంగా రెండు రకాలు. తెల్లగానో ఎర్రగానో పెద్దగా ఉండేది రాత్రి విచ్చుకుని, మర్నాడు పొద్దు బాగా ఎక్కేసరికి ముడుచుకుంటుంది. చిన్నగా నీలంగానో లేత ఊదాగానో ఉండేది పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఏడింటికల్లా గట్టుమీద ఉంటే రెండూ ఒకేసారి దొరుకుతాయి.

తామర వేరు. కలువాకు నీటిమీద తేలుతుంది, ఒకవైపు చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా, చాలామటుకు నీళ్ళ పైకి లేచి నిలబడుతుంది. తామరపువ్వు మొదటిరోజు పొద్దున కొంచెమే తెరుచుకుని మళ్ళీ ముడుచుకుంటుంది, రెండోరోజు నిండుగా ఉంటుంది, మూడోరోజు దాటితే రేకులు ఊడిపోతాయి. ఫొటో కావాలంటే రెండోరోజు పువ్వుని పట్టుకోవాలి. గుర్తు ఏమిటంటే, రేకులు బిగువుగా ఉండి, మధ్యనున్న దిమ్మె చుట్టూ కేసరాలు ఒక్కటీ రాలకుండా ఉంటాయి. ఇంకో సంగతి, తామర తనంతట తనే వేడి పుట్టించుకుంటుంది. బయట చలి 10 డిగ్రీలకి దిగినా పువ్వు లోపల 30 నుంచి 36 డిగ్రీల మధ్య నిలబెట్టుకుంటుంది. చలికి పురుగులు ఆ వెచ్చదనానికి లోపలే రాత్రి గడిపి, మర్నాడు పుప్పొడి పూసుకుని ఎగిరిపోతాయి.

పువ్వు కోసం చెరువులో దిగకండి. తామర కింద బురద ఎంత లోతుందో పైనుంచి తెలియదు, కాడలు కాళ్ళకి చుట్టుకుంటాయి.

సున్కి_మలుపు (కొరాపుట్)
మావైపు సంగతి వలిసెపూలు, నూనెగింజల పంట. అరకు వలిసెలు అందరికీ తెలుసు. అదే పంట సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సున్కి దాటాక పొట్టంగి, సెమిలిగుడ, నందపూర్ వైపు కూడా ఉంటుంది, జనం తక్కువ. వానలు పడ్డాక ఆగస్టులో చల్లుతారు. అక్టోబరు చివర పసుపు మొదలై నవంబరంతా ఉంటుంది. వానలు ఆలస్యమైన ఏడు విత్తడం ఆలస్యం, పువ్వూ ఆలస్యమే. అందుకని నెల ముందు గది బుక్ చేసుకునే బదులు, బయల్దేరే వారం కింద అక్కడివాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి.

చేలో దిగి ఫొటో దిగడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి కావాలి. ఆ పని చేసేది తేనెటీగలు. మీరు మధ్యలో నిలబడి చేతులు చాస్తే మొక్క విరగడం ఒకటి, ఈగల్ని బెదరగొట్టడం ఇంకొకటి. రెండూ రైతు నూనెలోంచి పోయేవే. గట్టు మీద నిలబడి, ఫోన్‌ని నడుము ఎత్తుకి దించి, పూల వరుసకి సమాంతరంగా పట్టండి. చేలో మునిగినట్టే వస్తుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య, ఎండ మీ వీపుకి తగిలేలా నిలబడాలి. నడినెత్తి ఎండలో పసుపు తెల్లబోతుంది.

మూరకొలత (బరంపురం)
ఆ రైతుకి కొంత డబ్బిచ్చి దిగితే తప్పేముంది? అరకులో అదే పద్ధతి కదా.

సున్కి_మలుపు
అడిగి, ఇచ్చి, ఆయన చూపించిన చోట నిలబడితే తప్పులేదు. అడగకుండా దిగి, కేకలేసినప్పుడు డబ్బు తీయడమే తప్పు.

భూతద్దం10 (పర్లాకిమిడి)
అందరూ దూరపు చూపే రాస్తున్నారు. అసలు మజా దగ్గర ఉంది. నగల పనివాళ్ళు వాడే పది రెట్ల మడత భూతద్దం ఒకటి కొనుక్కోండి, మొక్కలకి పెట్టే ఖర్చులో మూలకి కూడా రాదు. వాడే తీరు తెలియక చాలామంది పక్కన పడేస్తారు. పువ్వు దగ్గర అద్దం పెట్టి మనం దూరంగా ఉండి చూస్తే ఏమీ కనపడదు. అద్దాన్ని కంటికి ఆనించి, పువ్వునే అద్దం దగ్గరికి తేవాలి. రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక్కసారిగా స్పష్టమవుతుంది. పువ్వు పట్టిన చెయ్యిని బుగ్గకి ఆనించుకుంటే వణకదు.

మొదట రేలపువ్వుతో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ఊళ్ళో ఉంటుంది, ఒడియాలో సునారి అంటారు. అందులో కేసరాలు పది. మూడు పొడుగ్గా వంపు తిరిగి బయటికొస్తాయి, నాలుగు నడిమి సైజువి, మూడు పొట్టివి. పొడుగువాటిలోని పుప్పొడి గింజ కట్టడానికి, మిగతావాటిది ఎక్కువగా తేనెటీగల మేతకి. ఇది తెలిశాక భ్రమరం పువ్వు మీద వాలినప్పుడు ఏది దాని పొట్టకి తగులుతోందో, ఏది వీపుకి తగులుతోందో చూడబుద్ధవుతుంది.

తరవాత తురాయి. అయిదు రేకుల్లో నాలుగు ఎర్రన, ఒకటి తెల్లగా, పసుపూ ఎరుపూ చారలతో. ఎర్రచెట్టు అనుకునే మీరు దాని కింద ఇన్నేళ్ళు బస్సు కోసం నిలబడి ఆ తెల్లరేకు చూసి ఉండరు. నేలపడిన పువ్వు చాలు, కొమ్మ విరవక్కర్లేదు.

ఇసుకదారి (ఛత్రపురం)
మా గంజాం తీరానికి వచ్చి మొగలి గురించి రాయకుండా ఉంటే ఎలా? ఛత్రపురం, గోపాల్‌పూర్, చికిటి చుట్టుపక్కల గట్లన్నీ మొగలి పొదలే. గంజాం మొగలిపువ్వుకీ, దాన్నుంచి తీసే రూహ్ అనే సుగంధ తైలానికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏడాదిలో అప్పుడప్పుడు పూసినా, అసలు కాపు వానాకాలంలోనే, జూలై నుంచి సెప్టెంబరు దాకా.

తెలుసుకోవాల్సింది ఇది: మొగలిలో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు. వాసన మగపువ్వుదే. ఆ పువ్వుని కప్పి ఉండే తెల్లటి పొత్తి ఆకులే మనం జడలో పెట్టుకునేవి. ఆడచెట్టు అనాసపండు లాంటి కాయ కాస్తుంది, వాసన లేదు. "మా పొదకి వాసన రావట్లేదు" అనేవాళ్ళు ముందు కాయ ఉందేమో చూసుకోవాలి. వాసన తెల్లవారుజామున ఘాటుగా ఉండి ఎండెక్కేకొద్దీ ఎగిరిపోతుంది, అందుకే అత్తరు బట్టీలవాళ్ళు చీకటితోనే కోయిస్తారు. రాగి డేగిసాలో పూలు, నీళ్ళు వేసి మూత బిగించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్ళలో ఉంచిన ఇంకో పాత్రలోకి పంపి చల్లారుస్తారు. పొయ్యి మంట ఎక్కువైతే పువ్వు మాడి వాసన పాడవుతుంది. బట్టీ ఎవరిదైనా, అడిగితే సాధారణంగా చూడనిస్తారు, పూలు దింపే వేళ మాత్రం అడ్డం నిలబడకండి.

ఆకు అంచులకీ, అడుగున నడిమి ఈనె వెంటా ముళ్ళుంటాయి. అవి చాలామటుకు ఆకు చివరివైపు వంగి ఉంటాయి కాబట్టి చెయ్యి లోపలికి పోనిస్తే గీరుకుంటుంది. పొత్తి విప్పేటప్పుడు ఆకుని మొదలు నుంచి చివరికి మాత్రమే నిమరాలి. పొదలోకి దూరేముందు కర్రతో తట్టండి. పాములు వాసన కోసం రావు, చల్లదనం కోసం, ఎలకల కోసం వస్తాయి. కరిచేది ఏ కారణానికొచ్చినా ఒకటే.

గోపాల్‌పూర్ ఇసుకమీద పాకే బాలబందు తీగ కూడా చూడండి. ఆకు మేక గిట్టలా చీలి ఉంటుంది, ఊదా గరాటు పూలు. పొద్దున పదిలోపు నిండుగా, మధ్యాహ్నానికి వాడిపోతాయి. దాన్ని తొక్కుతూ నడవకండి, ఇసుకదిబ్బని పట్టి ఉంచేది అదే.

మూరకొలత
మీరంతా తెల్లవారుజాము బ్యాచ్. ఉద్యోగం నుంచి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్ళకి పూలబజారే తోట. కొనడంలో కూడా విద్య ఉందండి.

మల్లెలు మొగ్గగా కొనాలి, విచ్చినవి కాదు. దండ చివర దారం తడిగా ఉండి పూలు పొడిగా ఉంటే మంచిది. పూలమీదే నీళ్ళు చల్లి ఉంటే, ఆ చుక్క నిలిచినచోట రేకు గోధుమరంగు తిరుగుతుంది. ఇంటికొచ్చాక అరటాకులో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో ఉంచండి. పైన ఐసు అర దగ్గర పెడితే గాజులా మారి, బయట పెట్టగానే మెత్తబడతాయి. అరటాకు దొరకకపోతే పిండేసిన పలచటి తడిగుడ్డ. కనకాంబరానికి వాసన లేదు, ఓపిక ఉంది. మల్లె ఒక్క పూట అయితే కనకాంబరం రెండు మూడు రోజులు నిలుస్తుంది, కలిపి కట్టించుకుంటే మల్లె వాడాక దాన్ని తీసేసి మిగతాది పెట్టుకోవచ్చు.

కాడ రజనీగంధలకైతే, ఇక్కడ చాలామంది లిల్లీపూలు అంటారు, కింద రెండు మూడు మొగ్గలు మాత్రమే విచ్చిన కాడ తీసుకోండి. అడుగున రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోయాలి, వీలైతే నీళ్ళలో ముంచి కోయాలి. గాల్లో కోస్తే కాడలోకి బుడగ చేరి నీరు పైకెక్కదు. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తీసెయ్యండి, అవి కుళ్ళి నీటిని పాడుచేస్తాయి. నీళ్ళు రోజూ మార్చేవాళ్ళు అందులో ఏమీ వెయ్యక్కర్లేదు. పంచదార వేయమని చెప్తారు గానీ ఒక్క పంచదారే వేస్తే పువ్వుకంటే ముందు బాక్టీరియా తింటుంది. కింది పూలు వాడగానే గిల్లేస్తే పై మొగ్గలు విచ్చుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, పూలకూజాని మాగుతున్న అరటిపళ్ళ పక్కన పెట్టకండి. పళ్ళలోంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి పూలు తొందరగా రాలిపోతాయి.

మందారం నీళ్ళలో పెట్టినా, పెట్టకపోయినా ఒక్కరోజే. దానికి కూజా దండగ, దేవుడి పటం దగ్గర పెట్టెయ్యండి.

కుండీ_ఖాళీ
ఫోన్‌తో తీసి పేరు కనుక్కునే యాప్‌లు నమ్మొచ్చా? ఒకే చెట్టుకి మూడు పేర్లు చెబుతున్నాయి.

భూతద్దం10
యాప్ తప్పు సగం, ఫొటో తప్పు సగం. ఒక్క పువ్వు ముఖం తీసి పంపిస్తే తెల్లటి అయిదు రేకుల పూలన్నీ దానికి ఒకటే. నాలుగు ఫొటోలు కావాలి: పువ్వు ముందునుంచి, పక్కనుంచి తొడిమతో సహా, రెమ్మమీద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా తెలిసేలా, ఆ తరవాత చెట్టు మొత్తం. కాయ ఉంటే అయిదోది. కొలతకి పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టండి, అది 27 మిల్లీమీటర్లు. ఫోన్‌ని మరీ దగ్గరికి తేకండి. ఒక జానెడు దూరం జరిగి రెండు రెట్లు జూమ్ చేస్తే అంచులు తేటగా వస్తాయి. మోదుగ, మందారం లాంటి ఎర్రటి పూలు ఎండలో ముద్దలా వస్తాయి. తెరమీద పువ్వుని తాకి, వెలుతురు కొంచెం తగ్గించండి, లేదా మీ నీడే దానిమీద పడేలా నిలబడండి.

ఉదాహరణకి అంకుడు, కొడిసెపాల. రెండూ తెల్లపూలే, రెండిట్లోనూ పాలు కారతాయి, యాప్ తారుమారు చేస్తూనే ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు పువ్వులో గొంతు దగ్గర కుచ్చులా సన్నటి పోగులుంటాయి. కొడిసెపాలకి ఆ కుచ్చు ఉండదు, సాదా గొట్టమే. కాయలు ఇంకా తేలిక: అంకుడు జంటకాయలు చివర కలిసి ఉంటాయి, కొడిసెపాలవి విడివిడిగా వేలాడతాయి.

ఐనాచురలిస్ట్‌లో, అంటే మొక్కల, జీవుల ఫొటోలు పెడితే నలుగురూ పేరు తేల్చే వెబ్‌సైట్‌లో, పెట్టేవాళ్ళకి ఒక మాట. మొదటి సూచన మీద కళ్ళుమూసుకుని నొక్కకండి, ఖాయంగా తెలియకపోతే కుటుంబం పేరు దగ్గర ఆగండి, తెలిసినవాళ్ళు జాతి పేరు దాకా దింపుతారు. నాటిన మొక్కయితే పెంచింది అని గుర్తు పెట్టాలి, లేకపోతే పార్కులోని కాగితంపూలు అడవి లెక్కల్లోకి ఎక్కుతాయి.

పాత పేర్లు వెతికేవాళ్ళకి ఇంకో దారి ఉంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి, ఆనాటి మద్రాసు వృక్షజాల గ్రంథాల్లో మన కొండల చెట్లు తెలుగు పేర్లతో సహా దొరుకుతాయి.

గట్టుమీద
అడవి అంచుకి వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నా. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. లేత పసుపు ముత్యాల్లా ఉంటాయి, తియ్యటి బరువు వాసన. చూడాల్సిందే, కానీ ఒంటరిగా చీకట్లో వెళ్ళకండి. ఇప్పపూలకి ఎలుగుబంట్లు అదే వేళకి వస్తాయి. ఊళ్ళో ఏరుకునేవాళ్ళు గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్ళేది అందుకే. ఏ చెట్టు ఎవరిదో ఊరివాళ్ళకి లెక్క ఉంటుంది, రాలిన పువ్వు వాళ్ళ సంపాదన. తొక్కకండి, గుప్పెడు తీసుకోవాలన్నా అడిగి తీసుకోండి.

వానాకాలంలో కంచెలమీద అగ్నిశిఖ కనపడుతుంది. మొదట ఆకుపచ్చ, తరవాత పసుపు, చివరికి ఎరుపు. రేకులు వెనక్కి విరుచుకుని మంటలా ఉంటాయి, ఆకు చివరే తీగలా చుట్టుకుని కంచె పట్టుకుంటుంది. మొక్కంతా విషం, దుంప మరీ. పచ్చగన్నేరు గింజా, ఉమ్మెత్త కాయా అంతే. పిల్లల్ని వెంట తీసుకెళ్తే "చూడు, వాసన చూడు, నోట్లో మాత్రం పెట్టకు" అని ముందే చెప్పండి, వచ్చాక చేతులు కడిగించండి. ఉమ్మెత్త ముట్టిన చేత్తో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకవుతుంది.

ఖాళీ స్థలాల్లో తెల్లటి చిన్నపూల వయ్యారిభామని గుత్తి కట్టి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం. దాన్ని వదిలెయ్యండి.

మామిడి కొమ్మల మీద ఎండాకాలంలో వాండా ఆర్కిడ్ పూస్తుంది. లేత పసుపు రేకులమీద గోధుమరంగు గళ్ళు, పెదవి మాత్రం ఊదా. అది చెట్టు రసం పీల్చదు, బెరడు పట్టుకుని గాల్లో తేమతో బతుకుతుంది. పీకి ఇంటికి తెచ్చి కొబ్బరిపీచులో కడితే చాలావరకు చస్తుంది, ఎందుకంటే వేళ్ళు బెరడుకి అతుక్కుని ఉంటాయి, పీకేటప్పుడే తెగుతాయి. ఆర్కిడ్ ఫొటో పెట్టేటప్పుడు స్థలం కచ్చితంగా చూపించకండి. ఐనాచురలిస్ట్‌లో స్థలాన్ని మసకగా చూపించే ఏర్పాటు ఉంది, ఎన్నుకుంటే సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది.

మూరకొలత
ఇంతా రాసి, ఒక్క మొక్కయినా ఉంచుకోమని చెప్పరేం? ఎండ ఉంటే గడ్డిగులాబీ చాలు కదా.

పొగడచెట్టు
చాలు, ఎండ ఉంటే. వేలెడంత తుంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చడమే. రోజుకి ఆరు గంటల ఎండ లేకపోతే మొగ్గ వేసినా విచ్చదు, మబ్బురోజున కూడా ముడుచుకునే ఉంటుంది. చచ్చేది ప్రేమ ఎక్కువై పోసే నీళ్ళవల్ల. వేలు పెడితే రెండు కణుపుల లోతు పొడిగా ఉన్నప్పుడే పొయ్యాలి, కుండీ అడుగున కన్నం ఉండాలి. కానీ ప్రశ్న అడిగినవారు పెంపకం వద్దన్నారు, వారి మాట గౌరవిద్దాం.

కుండీ_ఖాళీ
గౌరవించినందుకు సంతోషం. ఆఖరి ప్రశ్న. ఫిబ్రవరి, మార్చిలో బరంపురం నుంచి ఒక్క పూటలో వెళ్ళిరావాలంటే ఎటు?

గట్టుమీద
తప్తపాణి దారి, సుమారు 50 కిలోమీటర్లు. ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి నడిమి దాకా మోదుగ, బూరుగ, కొండగోగు మూడూ ఆకులు రాల్చి పూస్తాయి కాబట్టి దూరంనుంచే తెలిసిపోతాయి. నారింజరంగైతే మోదుగ, లావు ఎర్రపూలూ కాండం మీద ముళ్ళూ ఉంటే బూరుగ, బండల మధ్య పొట్టి చెట్టుకి నిమ్మపసుపు పూలుంటే కొండగోగు. బూరుగ కింద నిలబడి ఏడు నుంచి తొమ్మిది మధ్య పైకి చూడండి, గోరింకలూ, కాకులూ, తేనెపిట్టలూ పువ్వులో తేనె కోసం కొట్టుకుంటుంటాయి. పువ్వు మొత్తంగా దబ్బున పడుతుంది, టోపీ పెట్టుకోండి. ఘాట్ మలుపుల్లో బండి ఆపకండి, లారీలు దిగుతుంటాయి. వెడల్పున్న చోటికి వెళ్ళి ఆపి వెనక్కి నడవండి. పదకొండు లోపు తిరుగు మొహం పట్టాలి, తరవాత ఎండకి పిట్టలూ ఉండవు, ఫొటోలూ రావు.

ఇసుకదారి
కింద ఎండుటాకులకి నిప్పు పెట్టి ఉంటే ఆ చెట్టు దగ్గరికి వెళ్ళకండి. ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రం చేసే మంటలు ఆ నెలల్లోనే, పైకి ఆరినట్టున్నా బూడిద కింద నిప్పు ఉంటుంది. రబ్బరు చెప్పులు అస్సలు వద్దు.